ఫ్రెంచ్ వైన్‌లో నేల రుచి నిజంగా వస్తుందా? షాబ్లీ సున్నపు మట్టి, బోర్డో గులక, బోజొలే గ్రానైట్

#1 ద్రాక్షగుత్తి
వైన్ సర్వీసు పరీక్షకు చదివేవాళ్లకి ఫ్రాన్స్ పాఠంలో మూడు చోట్ల చిక్కు పడుతోంది. ఒకటి, షాబ్లీ నేలలో ఆల్చిప్పల శిలాజాలు ఉన్నాయి కాబట్టి ఆ వైన్‌లో సముద్రపు రుచి ఉంటుందంటారు. ఇది నిజమేనా? రెండు, బోర్డోలో నదికి ఎడమ ఒడ్డున కబెర్నే, కుడి ఒడ్డున మెర్లో (రెండూ ఎర్ర వైన్ ద్రాక్ష రకాలు) అని బట్టీ పట్టిస్తారు, కారణం చెప్పరు. మూడు, నేల తేడా నాలుకకి తెలియాలంటే ఏ సీసాలు పక్కపక్కన పెట్టి చూడాలి? వివరంగా తెలిసినవాళ్లు చెప్పండి.

#2 సుద్దరాయి
షార్డనే అనే తెల్ల ద్రాక్షతో వైన్ చేసే షాబ్లీతో మొదలుపెడతాను. అక్కడి ముఖ్యమైన నేల పేరు కిమ్మరిడ్జియన్. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బంకమట్టి, మధ్యమధ్యలో సున్నపురాయి పొరలు. గుట్ట మీద ఏ రాయి తీసి చూసినా కామా ఆకారంలో చిన్న చిన్న ఆల్చిప్పలు కనిపిస్తాయి, వాటి పేరు ఎక్సోజైరా విర్గులా. సెరాఁ నది కుడి ఒడ్డున, నైరుతికి తిరిగిన ఒకే గుట్ట మీద 7 గ్రాండ్ క్రూ (అత్యున్నత శ్రేణి) తోటలున్నాయి, అన్నీ ఈ నేల మీదే. పైన పీఠభూమి మీద పోర్ట్‌లాండియన్ అనే గట్టి సున్నపురాయి ఉంటుంది, ఎక్కువగా అది పెటీ షాబ్లీ, అంటే కింది శ్రేణి వైన్. రెండూ షార్డనేనే, ఒకే ఊరు, కానీ గ్లాసులో తేడా స్పష్టం. షాబ్లీలోని ఆ ఉప్పదనం శిలాజాల చలవే అని నా నమ్మకం.

#3 రేగడి
సుద్దరాయి గారూ, భూగర్భం గురించి చెప్పినదంతా సరైనదే, చివరి వాక్యం మాత్రం ఒప్పుకోలేను.

ఆల్చిప్ప అంటే కాల్షియం కార్బొనేట్. దాని చుట్టూ ఉన్న సున్నపురాయీ కాల్షియం కార్బొనేటే. వేరుకి ఆ రెండిటికీ తేడా తెలియదు. వేరు రాతిని మింగదు. మట్టిలోని నీళ్లలో కరిగిన అయాన్లను మాత్రమే తీసుకుంటుంది: పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, నైట్రేటు, కాస్త ఇనుము. అవి కూడా ఎంత కావాలో చాలావరకు తీగే నియంత్రిస్తుంది. వైన్‌లోకి వచ్చే ఖనిజ లవణాలలో చాలావాటి మోతాదు నాలుక పసిగట్టే స్థాయికి తక్కువే. పైగా రాతికి స్వతహాగా రుచీ వాసనా ఉండవు. వాన పడినప్పుడు రాతి మీంచి వచ్చే వాసన రాతి మీద చేరిన సేంద్రియ పదార్థాలది. వేల్స్‌కి చెందిన భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఏళ్ల తరబడి వివరిస్తున్నది ఇదే: 'ఖనిజ రుచి' అనేది ఒక పోలిక, పదార్థం కాదు.

అలాగని నేలకి పని లేదని అర్థం కాదు. నేల పని చేసేది నీటి ద్వారా, వేడి ద్వారా, నత్రజని ద్వారా. రుచి ఆ దారిన తిరిగి వస్తుంది.

#4 సుద్దరాయి
సరే, శిలాజాల మాట వదిలేస్తాను. మరి పెటీ షాబ్లీకి, షాబ్లీకి తేడా ఎందుకు? ద్రాక్ష ఒకటే, చేసేవాళ్లు ఒకరే, ఏడాది ఒకటే.

#5 రేగడి
మంచి ప్రశ్న. చాలా పుస్తకాలు ఇక్కడే జారిపోతాయి. పోర్ట్‌లాండియన్ రాయి కిమ్మరిడ్జియన్ పొర మీద మూత లాగా కూర్చుంటుంది. అంటే నేల మారిన చోటే వాలు కూడా మారుతుంది. పైన చదును, గాలి ఎక్కువ, చలి ఎక్కువ, మట్టి పొర పలచన. కింద వాలు, ఎండ ఏటవాలుగా కాక నేరుగా పడుతుంది, బంకమట్టి ఉంది కాబట్టి ఆగస్టులో కూడా నీళ్లు అందుతాయి. కాయ పండే తీరే వేరు. పెటీ షాబ్లీ తేలిగ్గా, పుల్లగా, త్వరగా తాగేలా ఉండటానికి సగం కారణం ఆ ఎత్తు, ఆ గాలి. రాతిని, వాలును విడదీసి చూడకుండా మొత్తం ఘనత రాతికే కట్టబెట్టేస్తాం.

#6 పీపా
తయారీ వైపు నుంచి ఒక మాట కలుపుతాను. షాబ్లీ ఉత్తరాన, చలి ప్రాంతం. కాయలో మాలిక్ ఆమ్లం ఎక్కువగా మిగులుతుంది. మాలోలాక్టిక్ పులియబెట్టడం (బ్యాక్టీరియా మాలిక్‌ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చడం) చేశాక కూడా పులుపు పదునుగానే ఉంటుంది. చాలామంది స్టీలు ట్యాంకులోనే చేస్తారు కాబట్టి ఓక్ పీపా నుంచి వచ్చే వెనిల్లా, తీపి వాసన ఉండవు. పండు వాసన తక్కువ, పులుపు ఎక్కువ, ఓక్ లేదు: ఈ మూడూ కలిస్తే మన నోరు దాన్ని 'రాయి' అంటుంది.

చెకుముకి రాయి కొట్టినప్పటి వాసన కూడా అంతే. దానికి కారణమైన ఒక పదార్థాన్ని బోర్డో పరిశోధకులు గుర్తించారు, పేరు బెంజీన్‌మీథేన్‌థయోల్. అది గంధకం ఉన్న సేంద్రియ పదార్థం, రాతి నుంచి రాదు. అయితే నేలతో సంబంధం పూర్తిగా తెగిపోదు. రసంలో ఈస్టుకి అందే నత్రజని లీటరుకి 140 మి.గ్రా. కంటే తగ్గితే ఈస్టు ఇబ్బంది పడుతుంది, గంధకం వాసనలు పెరుగుతాయి, ఒక్కోసారి పులియడం మధ్యలో ఆగిపోతుంది. పలచని రాతి నేలలో నత్రజని తక్కువ. అలా నేల పరోక్షంగా వేలు పెడుతుంది.

#7 గులకదిబ్బ
బోర్డో ప్రశ్న నేను తీసుకుంటాను.

మెడాక్, గ్రావ్ ప్రాంతాల్లో గారోన్ నది పిరనీస్ కొండల నుంచి, ఇంకా కొంత మాసిఫ్ సెంట్రల్ వైపు నుంచి వచ్చిన గులకరాళ్లు తెచ్చి దిబ్బలుగా పోసింది. గ్రావ్ అనే పేరే గులక నుంచి వచ్చింది. అసలు మెడాక్ చిత్తడి నేల. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు కాలువలు తవ్వి నీళ్లు తీసేశాకే ఆ దిబ్బలు తోటలకి పనికొచ్చాయి. ఇప్పటికీ పేరున్న తోటలన్నీ ఆ దిబ్బల మీదే, వాటి మధ్య పల్లంలో పశువుల మేత.

గులక ఏం చేస్తుంది? నీళ్లు నిలవనివ్వదు. వేరు కిందకి పోవాల్సిందే, కొన్నిచోట్ల 4, 5 మీటర్ల దాకా. తడి లేదు కాబట్టి నేల త్వరగా వేడెక్కుతుంది. కబెర్నే సోవిన్యోఁ ఆలస్యంగా పండే రకం, సముద్రపు గాలి తగిలే ఆ చోట ఆ వేడి లేకపోతే కాయ పచ్చిగా ఉండిపోతుంది. పచ్చి కాయ వైన్ పచ్చి క్యాప్సికం వాసన వేస్తుంది, టానిన్ (తొక్క, గింజల నుంచి వచ్చే వగరు పదార్థం) గొంతులో గీరుతుంది.

కుడి ఒడ్డున సాంతెమీలియోన్, పోమెరోల్. అక్కడ సున్నపురాయి, బంకమట్టి. తడి నేల, కాబట్టి చల్లని నేల. కబెర్నే సోవిన్యోఁ అక్కడ చాలా ఏళ్లలో పూర్తిగా పండదు. మెర్లో వారం, పది రోజులు ముందే పండుతుంది కాబట్టి సరిపోతుంది. అంటే కుడి ఎడమల తేడాలో మొదటి మెట్టు 'నేల రుచి' కాదు, 'ఈ నేల మీద ఏ ద్రాక్ష పండుతుంది' అన్నది.

#8 దుబ్బనేల
ఇక్కడే ఒక సందేహం. నీళ్లు నిలవని నేల మంచిదైతే, అచ్చమైన బంకమట్టి మీద ఉన్న పెట్రూస్ ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్లలో ఒకటి ఎలా అయింది? రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి?

#9 గులకదిబ్బ
రెండూ నిజమే, ఎందుకో చెప్తాను. పోమెరోల్ పీఠభూమి మధ్యలో నీలిరంగు బంకమట్టి పైకి తేలిన చిన్న చోటు ఉంది. పెట్రూస్ 11.5 హెక్టార్లు చాలావరకు దాని మీదే. అది స్మెక్టైట్ జాతి మట్టి, మన నల్లరేగడిలో ఉండే కుటుంబమే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఉబ్బాక రంధ్రాలు మూసుకుపోయి మీద పడిన వాన లోపలికి దిగదు, పక్కకి జారిపోతుంది. లోపలున్న నీటిని మట్టి గట్టిగా పట్టుకుంటుంది, వేరుకి చుక్క చుక్కగా వదులుతుంది. కాబట్టి తీగకి నీళ్లు ఎక్కువా కావు, పూర్తిగా ఆగిపోవు.

గులక కూడా చివరికి చేసేది అదే: కొంచెం నీటి ఎద్దడి. దారి వేరు, ఫలితం ఒకటే. అందుకే 'గులక మంచిది, బంక చెడ్డది' అని పట్టిక రాసుకోకండి. నిజంగా చెడ్డది ఏదంటే, వేరుకి అందేంత పైన భూగర్భ జలం ఉన్న నేల. అక్కడ తీగ ఆగస్టులో కూడా ఆకులు వేస్తూనే ఉంటుంది, కాయ ఉబ్బుతుంది, రంగు పలచన.

బాగా వేడి ఏడాదిలో లెక్క తిరగబడుతుంది. 2003లో లోతు తక్కువ గులక మీద తీగలు ఎండకి పండటమే ఆపేశాయి. అదే మెడాక్‌లో గులక కింద బంకమట్టి ఎక్కువున్న సాంతెస్తెఫ్ ఆ ఏడు నిలబడింది.

#10 రేగడి
గులకదిబ్బ గారి మాటకి కొలతల ఆధారం ఉంది. కార్నెలిస్ వాన్ లూవెన్ బృందం 1996 నుంచి 2000 దాకా బోర్డోలో మూడు నేలల మీద, అంటే గులక, బరువైన బంకమట్టి, నీటిమట్టం పైకున్న ఇసుక మీద, మూడు రకాల ద్రాక్షని పెట్టి చూసింది: మెర్లో, కబెర్నే ఫ్రాం, కబెర్నే సోవిన్యోఁ. కాయ గుణం మీద ఎక్కువ ప్రభావం ఆ ఏటి వాతావరణానిది, తర్వాత నేలది, ఆ తర్వాతే ద్రాక్ష రకానిది. వాతావరణం, నేల రెండూ పనిచేసింది ఎక్కువగా నీటి ద్వారానే. అంతకుముందే జెరార్ సెగాఁ మెడాక్‌లో చూపించింది కూడా ఇదే దిశలో ఉంది: మంచి తోటని మామూలు తోట నుంచి వేరు చేసేది మట్టిలోని ఏదో ఒక ధాతువు కాదు, నీటిని అందించే తీరు.

దీన్ని కొలవడానికి తెల్లవారక ముందు ఆకు కోసి, ప్రెషర్ ఛాంబర్‌లో పెట్టి, కాడ నుంచి రసం బయటికి రావడానికి ఎంత ఒత్తిడి కావాలో చూస్తారు. దాన్ని మైనస్ గుర్తుతో రాస్తారు, సున్నాకి ఎంత దూరమైతే ఎద్దడి అంత ఎక్కువ. −0.2 మెగాపాస్కల్ కంటే పైన ఉంటే తీగకి ఎద్దడే లేదు. −0.3 నుంచి −0.5 దాకా ఎర్ర వైన్‌కి మంచి మెట్టు. −0.8 కిందకి పోతే ఆకు పని ఆగిపోతుంది, చక్కెర ఎక్కదు. ఎద్దడి ఎప్పుడు వచ్చిందన్నది కూడా ముఖ్యం. కాయ రంగు తిరగక ముందు వస్తే రెమ్మల పెరుగుదల ఆగి, కాయ చిన్నదై, తొక్క వాటా పెరుగుతుంది. తెల్ల ద్రాక్షకి మాత్రం ఇంత ఎద్దడి మంచిది కాదు, ముఖ్యంగా సోవిన్యోఁ బ్లాంలో పరిమళం పడిపోతుంది.

#11 పల్నాటితోట
షాంపేన్ సుద్ద నేల గురించి ఎవరూ మాట్లాడలేదు. సున్నం ఎక్కువున్న నేలలో వేరుశనగ, బత్తాయి ఆకులు పచ్చబడతాయి కదా, అంత సుద్దలో ద్రాక్ష ఎలా బతుకుతుంది?

#12 అంటుకట్టు
సరైన చోట పట్టుకున్నారు. షాంపేన్ కథంతా ఆ సుద్ద, ఆ పసుపు ఆకు మధ్య నడుస్తుంది.

ముందు మేలు. షాంపేన్‌లోని కోట్ దె బ్లాం గుట్టల కింద ఉన్న సుద్ద సూక్ష్మ జీవుల పెంకులతో ఏర్పడింది, నిండా సన్నని రంధ్రాలు. ఘనపు మీటరు సుద్ద 300 నుంచి 400 లీటర్ల నీళ్లు పట్టుకుంటుంది. వాన ఎక్కువైతే కిందకి దించేస్తుంది, ఎండాకాలంలో సన్నని రంధ్రాల గుండా పైకి ఎక్కిస్తుంది. తీగకి ఏడాది పొడుగునా ఒకే రకంగా నీళ్లు. షార్డనేలో పులుపు నిలబడి సన్నగా, నిటారుగా ఉండే షాంపేన్ అక్కడ రావడానికి చలితో పాటు ఇదీ కారణం.

ఇప్పుడు కీడు. సున్నం వల్ల వేరు దగ్గర బైకార్బొనేట్ పెరిగి, ఇనుము మట్టిలో ఉన్నా తీగకి పనికిరాదు. లేత ఆకు పసుపు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, ముదిరితే అంచులు మాడి పూత రాలిపోతుంది. ఫైలోక్సెరా రాక ముందు యూరప్ తీగ తన సొంత వేరు మీద ఉండేది, సున్నాన్ని బాగానే తట్టుకునేది. 1860ల్లో ఆ పురుగు వచ్చి ఫ్రాన్స్ తోటల్ని తినేశాక అమెరికా వేరుమూలాల మీద అంటుకట్టడం తప్పనిసరైంది. ఆ అమెరికా జాతుల్లో చాలావాటికి సున్నం గిట్టదు. సుద్ద మీద పెట్టిన అంట్లు పసుపు తిరిగి చచ్చాయి. అందుకే యూరప్ ద్రాక్షనీ, సున్నపు నేలలో పెరిగే బెర్లాండియెరీ జాతినీ సంకరం చేసిన 41బి అనే వేరుమూలం షాంపేన్‌లో పాతుకుపోయింది.

కొలతలు రాసుకోండి. మొత్తం సున్నం కాదు, 'క్రియాశీల సున్నం' చూడాలి. అంటే సన్నని పొడిగా ఉండి త్వరగా కరిగే భాగం. వేరుమూలాల్లో రిపారియా గ్లువార్ 6 శాతం దాకా, 3309 సుమారు 11, ఎస్ఓ4 సుమారు 17, 161-49 సుమారు 25, 41బి 40 దాకా తట్టుకుంటాయి.

సున్నం ఒక్కటే చూస్తే తప్పు పోతుంది, ఇనుము కూడా చూడాలి. ఫ్రాన్స్‌లో వాడే సూచీ ఇది: క్రియాశీల సున్నం శాతాన్ని, తేలిగ్గా అందే ఇనుము పీపీఎం విలువ వర్గంతో (స్క్వేర్‌తో) భాగించి, 10,000తో హెచ్చించండి. సున్నం 15 శాతం, ఇనుము 60 అయితే సూచీ 42 దగ్గర. అదే సున్నం, ఇనుము 100 అయితే 15. ఎస్ఓ4 హద్దు 30, 41బి హద్దు 60. మొదటి నేలలో ఎస్ఓ4 పసుపు తిరుగుతుంది, రెండో దానిలో బాగుంటుంది. సున్నం చూస్తే రెండూ ఒకటే!

#13 పల్నాటితోట
చాలా స్పష్టంగా చెప్పారు. మన దగ్గర వేరుశనగ పసుపు తిరిగితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుప సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. ద్రాక్షకీ అదే పని చేస్తుందా?

#14 అంటుకట్టు
సూత్రం అదే. నిమ్మ ఉప్పు ఇనుమును కరిగి ఉండేలా కాపాడుతుంది, ఆకు నేరుగా పీల్చుకుంటుంది. కానీ పిచికారీ తాత్కాలికం, కొట్టిన ఆకులే పచ్చబడతాయి, కొత్త ఆకు మళ్లీ పసుపే. వేరుశనగ నాలుగు నెలల పంట కాబట్టి గట్టెక్కుతుంది. ద్రాక్ష తీగ ముప్పై, నలభై ఏళ్లు ఉండాలి, వేరుమూలం తప్పుగా ఎంచుకుంటే ఏటా కొట్టాలి. ఇంకో తప్పు, వర్షంలో ట్రాక్టరు నడిపి మట్టిని అదమడం. గాలి ఆడని తడి మట్టిలో బైకార్బొనేట్ పెరుగుతుంది, అదే తోటలో చక్రాల జాడ వెంట పసుపు గీత కనిపిస్తుంది.

#15 దుబ్బనేల
దీనికి పూర్తి వ్యతిరేకం ఉత్తర బోజొలే. అక్కడ 10 క్రూ (పై శ్రేణి) ఊళ్లలో ఎక్కువ భాగం గ్రానైట్ అరిగి ఏర్పడిన ఇసుక, ఆమ్ల గుణం. సున్నం లేదు కాబట్టి సున్నానికి అసలు ఆగని వియల్లా అనే వేరుమూలం అక్కడ దర్జాగా బతికింది. అక్కడి ఎర్ర వైన్ ద్రాక్ష గామే విపరీతంగా కాసే రకం. సారవంతమైన బంకమట్టిలో పెడితే బుట్టలకొద్దీ కాస్తుంది, వైన్ నీళ్లలా ఉంటుంది. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ గామేని తన నేలల్లో పీకించమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ గామేనే బీద గ్రానైట్ మీద పెడితే కాపు అదుపులోకి వచ్చి ములాఁ-అ-వాఁ లాంటి, ఏళ్లు నిలిచే వైన్ వస్తుంది.

దక్షిణ ఫ్రాన్స్‌లోని శాతోనఫ్-ద్యు-పాప్ గురించి కూడా ఒక సవరణ. అక్కడి పెద్ద గుండ్రాళ్లు పగటి వేడిని రాత్రి తీగకి ఇస్తాయని, అందుకే వైన్ గొప్పదని ప్రతి పుస్తకం రాస్తుంది. వేడి ఇవ్వడం నిజమే, కానీ అంత వేడి ప్రాంతంలో అదనపు వేడి మేలు కాదు, అక్కడి గ్రెనాష్ ద్రాక్షలో చక్కెర ఇట్టే పెరిగిపోతుంది. రాళ్ల అసలు మేలు పైన కప్పులా ఉండి కింది ఎర్ర బంకమట్టి తడి ఆరకుండా చూడటం. పక్కనే ఇసుక మీద పెరిగిన గ్రెనాష్ చూడండి: రంగు పలచన, టానిన్ మెత్తన, పరిమళం ఎక్కువ. రాయాస్ తోట పేరు పొందింది ఇసుక మీదే, గుండ్రాళ్ల మీద కాదు.

#16 సుద్దరాయి
బర్గండీలో వాలు మాట చెప్పకపోతే ఈ చర్చ అసంపూర్ణం. కోట్ దోర్ గుట్ట పైన మట్టి పలచన, రాయి ఎక్కువ. అడుగున వాన కొట్టుకొచ్చిన లోతైన బంకమట్టి, నీళ్లు నిలుస్తాయి. మధ్యలో రెండూ సమపాళ్లు. గ్రాండ్ క్రూలు దాదాపు అన్నీ ఆ నడిమి పట్టీలోనే. క్లో ద వూజో దీనికి అడ్డం తిరుగుతుంది. సిస్టర్షియన్ సన్యాసులు గోడ కట్టిన సుమారు 50 హెక్టార్ల తోట, పై నుంచి పెద్ద రోడ్డు దాకా మొత్తం గ్రాండ్ క్రూ. ఇప్పుడు యజమానులు 80 మంది దాకా. రోడ్డు పక్క ముక్క, పై ముక్క లేబుల్ మీద ఒకటే, గ్లాసులో కాదు. కొనేముందు ఆ యజమాని వరుసలు గోడ లోపల ఎక్కడున్నాయో మ్యాపులో చూడటం తప్పనిసరి.

కోర్తోన్ గుట్ట ఇంకా మంచి పాఠం. పైన తెల్లని సున్నపు బంకమట్టి మీద షార్డనే, కింద ఇనుముతో ఎర్రబడిన నేల మీద పినో న్వార్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష. గుట్ట ఒకటే, రంగు గీసినట్టు మారుతుంది.

#17 పీపా
బర్గండీ నుంచే ఒక హెచ్చరిక. నేల మంచిదైనా మనిషి చెడగొట్టగలడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పొటాష్ ఎరువు కుమ్మరించారు. తీగ పొటాషియం ఎక్కువ లాగితే రసంలో టార్టారిక్ ఆమ్లాన్ని అది కట్టేస్తుంది, పీహెచ్ పెరుగుతుంది, అంటే పులుపు తగ్గుతుంది. పీహెచ్ 3.4 దగ్గర వైన్ చెడకుండా కాపాడే క్రియాశీల సల్ఫర్ డయాక్సైడ్ 0.6 మి.గ్రా. రావాలంటే లీటరుకి సుమారు 24 మి.గ్రా. స్వేచ్ఛా రూపం చాలు. 3.8 అయితే సుమారు 59 కావాలి. అంత వేయకపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి, పశువుల కొట్టం వాసన వస్తుంది. దాన్ని కొందరు 'నేల వాసన' అని మెచ్చుకుంటారు, అది బ్రెట్ అనే ఈస్టు పని.

#18 ద్రాక్షగుత్తి
అందరికీ కృతజ్ఞతలు, మొదటి రెండు ప్రశ్నలూ తీరాయి. ఇక సీసాలు? మెడాక్, పోమెరోల్ పక్కపక్కన పెడితే సరిపోతుందా?

#19 పీపా
సరిపోదండి. అక్కడ ద్రాక్ష కూడా మారిపోతుంది, నేల తేడా ఎంతో చెప్పలేరు. ద్రాక్ష, చేసిన చెయ్యి, ఏడాది ఒకటే ఉండి నేల మాత్రమే మారాలి. దానికి సోవిన్యోఁ బ్లాంతో తెల్ల వైన్ చేసే సాన్‌సేర్ బాగుంటుంది. అక్కడ మూడు నేలలు: చిన్న సున్నపు రాళ్ల కాయోత్, సున్నపు బంకమట్టి ఉన్న తేర్ బ్లాంష్, చెకుముకి ఉన్న సిలెక్స్. ఒకే సంస్థ సిలెక్స్, కాయోత్ విడివిడిగా సీసాకెత్తితే ఆ రెండూ, అదే ఏడాదివి తీసుకోండి. ఒకటి ఓక్‌లో, ఒకటి స్టీలులో పెట్టినవైతే వదిలేయండి.

పేరు చూసి తాగితే అందరికీ రాయి రుచి వస్తుంది. అందుకని మూడు గ్లాసుల పద్ధతి వాడండి. రెండింట్లో ఒకటే వైన్, మూడోదాంట్లో వేరేది. తేడాగా ఉన్నది పట్టుకోవాలి. మొత్తం 12 మంది, గ్లాసుకి 40 మి.లీ. వైన్లని క, గ అనుకుంటే వరుసలు ఆరు: కకగ, కగక, గకక, కగగ, గకగ, గగక. ఒక్కో వరుస ఇద్దరికి. అలా చేస్తే ఒక్కో వైన్ 18 గ్లాసులు, 720 మి.లీ., సరిగ్గా ఒక్కో సీసా సరిపోతుంది. ఊహతోనే నలుగురు సరిగ్గా చెప్తారు, కాబట్టి 12 మందిలో కనీసం 8 మంది పట్టుకుంటేనే తేడా ఉన్నట్టు లెక్క.

రెండు సీసాలూ ఒకే చల్లదనంలో, 11 డిగ్రీల దగ్గర ఉండాలి. హైదరాబాద్ ఏప్రిల్ గదిలో గ్లాసు కొద్ది నిమిషాల్లోనే వేడెక్కుతుంది, కాబట్టి పోయడం ఒకేసారి పూర్తిచేయండి. రెండిటిలో ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉన్నా అందరూ దాన్నే పట్టేస్తారు, నేలని కాదు.